నడిపన్నకు ఏమీ అనిపించని ఏడాది

ప్రొద్దుటూరు కాలేజీలో నేను జంతుశాస్త్రం చెప్పినన్నాళ్ళలో చివరి పదిహేనేళ్ళూ చెప్పులు లేకుండానే పాఠం చెప్పాను. పిల్లలు నేనేదో మొక్కు మొక్కుకున్నానని అనుకునేవాళ్ళు. ఒక ప్రిన్సిపాలైతే కొత్తగా చేరినవాళ్ళకు నన్ను చూపించి, "సారు శానా భక్తిపరుడు" అని పరిచయం చేసేవాడు. నేను కాదనలేదు. కాదంటే అసలు సంగతి చెప్పాలి. ఇప్పుడు ఆ ఇంట్లో నేను తప్ప ఎవరూ మిగల్లేదు కాబట్టి చెబుతున్నాను.

మేం ముగ్గురం అన్నదమ్ములం. నేను చిన్నవాణ్ణి. మా ఊరు ముద్దనూరు నుంచి పులివెందుల పోయే దారిలో, రోడ్డుకు కాస్త లోపలగా ఉంటుంది. ఆ రోజుల్లో మా పక్క ఊరూరికీ రెండు వర్గాలు, వర్గానికో పార్టీ. జెండాలు మారేవి గానీ వర్గాలు మారేవి కావు. ఒక పంచాయతీ ఎన్నికలప్పుడు మా పెద్దన్నను జమ్మలమడుగు రోడ్డులో పట్టపగలు బస్సులోంచి దింపి చంపారు. ముందు బాంబులు, తర్వాత కొడవళ్ళు. చంపించింది ఎదుటి వర్గం పెద్దాయనేనని ఊరంతటికీ తెలుసు. ఆయన చీనీతోటకూ, అంటే బత్తాయి తోటకూ, మా పొలానికీ నడుమ వాగులాంటి ఒక వంకే అడ్డం. బస్సులో ఉన్న నలభైమందిలో ఒక్కరూ ఏమీ చూడలేదని కోర్టులో చెప్పారు. కేసు కొట్టేశారు.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. నరికివేతలో పోయినవాడు ఆఖరున వేసుకున్న చెప్పులను తెచ్చి వసారా గూట్లో పెట్టేవాళ్ళు. పగ ఎత్తుకున్నవాడు ఆ రోజు నుంచి వట్టి కాళ్ళతో తిరగాలి. పని ముగించిన నాడు ఆ గూట్లో చెప్పులు తొడుక్కొని ఇంట్లోకి రావాలి. వాడి వల్ల కాకపోతే తర్వాతివాడు చెప్పులు విప్పాలి. పెద్దన్న పోయిన రోజున నడిపన్న విప్పాడు. తర్వాతివాణ్ణి నేను.

నడిపన్న ఆ పగను ఇష్టంగా మోశాడు. పొద్దున లేవగానే గూటి ముందు నిలబడి ఆ చెప్పులను చూసేవాడు. కాఫీ తాగినవాడికి వచ్చే కళ ఆయన ముఖంలోకి వచ్చేది. ఆ పని ఏ మలుపులో చేయాలి, పెద్దాయన అప్పుడు ఏ చొక్కా వేసుకొని ఉంటాడు, కొడవలి ఎత్తేముందు తనేం అనాలి, ఇవన్నీ వంటింట్లో కూర్చొని అమ్మకు చెప్పేవాడు. అమ్మ సంగటి కెలుకుతూ వినేది. "ఆ మాట బాగుండాది, అదే అను" అనేది. నాలుగేళ్ళు వాళ్ళిద్దరూ ఆ చావును రోజూ రుచి చూశారు. నేను ప్రొద్దుటూరులో నల్లబల్ల మీద డోపమిన్ అని రాసి, దొరికినప్పుడే కాదు, దొరుకుతుందని ఎదురుచూసేటప్పుడు కూడా మెదడులో అది ఊరుతుందని చెప్పేవాణ్ణి. మా అన్నకు అది వసారాలోనే ఊరేది.

నాకు ఆ ఏర్పాటు హాయిగా ఉండేది. ఆయన పగ ఎంత గట్టిగా ఉంటే నా చెప్పులకు అంత భరోసా. జీతం వచ్చిన నెలలో తోలు చెప్పులు కొనుక్కొని, బంగారు అంగళ్ళ వీధిలో టకటకమని నడిచేవాణ్ణి. పెళ్ళి చేసుకోవాలని కూడా అనుకునేవాణ్ణి.

ఒక ఎండాకాలం నడిపన్న నిద్ర లేవలేదు. రెండురోజులు లేపితే కళ్ళు తెరవడం, వదిలేస్తే మూయడం. జమ్మలమడుగు ఆసుపత్రికి తీసుకుపోయాం. అక్కడి పెద్ద డాక్టరు మా పక్క ఊళ్ళవాడే. వాళ్ళ తాత దొరల కాలంలో మిషను బళ్ళో బైబిలు పట్టుకొని చదువుకున్నవాడు. కర్నూలు పంపి స్కానింగు తీయించి, ఆ ఫిల్మును కిటికీకి ఆనించి నాకొక్కడికే చూపించాడు. మెదడు నడిమధ్యన రెండు చుక్కలు, కుడిపక్క ఒకటి, ఎడమపక్క ఒకటి. పెసరగింజలంత ఉన్నాయి.

"థాలమస్" అన్నాడు. "రెండుపక్కలకూ నెత్తురు పోయే సన్న నాళం ఒకటే ఉంటాది కొందరికి. అది మూసుకుపోయినాది."

నేను చదువుకున్నవాణ్ణని చూపించుకోవాలి కదా. "థాలమస్ అంటే వార్తలు అటూ ఇటూ పంపే స్టేషనే కదా సార్" అన్నాను. ఏటా అట్లాగే చెప్పేవాణ్ణి, ముద్దనూరు రైల్వేస్టేషన్ బొమ్మ గీసి మరీ.

ఆయన నవ్వాడు. "పుస్తకంలో అంతే ఉంటాది. కానీ మనిషికి ఒకటి కావాలనిపించాలంటే ఆడినుంచి కూడా తోపు పడాల. ఆ తోపు పడితేనే డోపమిన్ కదిలేది. బోరు తెలుసు గదా నీకు? నీళ్ళుండాయి, మోటారు బాగుండాది, స్టార్టరు కాలిపోయినాది. మీ అన్న అంతే."

"లేచి తిరుగుతాడా?"

"తిరుగుతాడు. చెప్తే చేస్తాడు. చెప్పకపోతే చెయ్యడు. ఆకలైనా అడగడు. తెలివికి ఏం కాలేదు, అన్నీ తెలుస్తాంటాయి. ఏదీ చెయ్యాలనిపించదు, అంతే."

నేను అడిగిన తర్వాతి ప్రశ్న తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు రోత. "కోపం ఉంటుందా సార్?" అని అడిగాను. అన్న బతుకుతాడా అని కూడా అడగలేదు.

"కోపమూ కావాలనిపించడమే కదప్పా" అన్నాడు డాక్టరు. తర్వాత డోపమిన్ మాదిరి పనిచేసే తెల్ల మాత్రలు రాసిచ్చాడు. అవి అందరికీ పట్టవనీ, పడితే మనిషి చాలావరకు తిరిగి రావచ్చనీ చెప్పాడు. "ఒకటి మాత్రం చూసుకో. ఏ కోరిక తిరిగొస్తాదో మాత్రకు తెలీదు. కొందరు తిండి మీద పడతారు, కొందరు పేకాట మీద."

ఏ కోరిక తిరిగి రావాలో నాకు మాత్రం బాగా తెలుసు. స్కానింగు ఫిల్మును ప్రొద్దుటూరులో రికార్డు పుస్తకాల వెనక దాచాను. అన్నది వట్టి నీరసమని అమ్మకు చెప్పి, నాలుగునెలలు నా దగ్గర ఉంచుకుంటానన్నాను. "వానికి బలం రానీ" అంది అమ్మ. కొడుకు ఆరోగ్యం గురించి ఆమె అడిగింది అంతే.

నా అద్దె మిద్దెకు ఎదురుగా ఒక టైలరు సాయిబు ఉండేవాడు. కువైట్‌లో పదేళ్ళు బట్టలు కుట్టి తిరిగొచ్చినవాడు. నేను కాలేజీకి పోయాక పన్నెండింటికి ఆయన మిషను మీదనుంచే కేకేసేవాడు: "అన్నా, క్యారీరు తెరువు. అన్నం కలుపు. తిను." ఆ మూడు మాటలూ చెబితేనే అన్న తినేవాడు. ఒకరోజు పెళ్ళిబట్టల పనిలో పడి ఆయన రెండో మాట దగ్గర ఆగిపోయాడు. సాయంత్రం నేను వచ్చేసరికి అన్న కలిపిన అన్నంలో చెయ్యి పెట్టుకొని అట్లాగే కూర్చొని ఉన్నాడు. ముద్ద ఎండిపోయి వేళ్ళకు అంటుకొని ఉంది. నేను ఏడ్చాను. ఏడుస్తూనే, ఈయన వల్ల ఇంక పని కాదు, నా వంతు వస్తుంది అనుకున్నాను.

రోజూ పొద్దున పాలలో మాత్ర ఇచ్చాను. మూడోవారంలో ఒక సాయంత్రం నేను ఇంటికి రాగానే అన్న తలెత్తి, "మిరపకాయ బజ్జీలు తేరాదా?" అన్నాడు. ఎవరూ చెప్పకుండా ఆయన నోట వచ్చిన మొదటి మాట అది. నేను పరుగెత్తి తెచ్చాను. బొరుగుల ఉగ్గాని కూడా తెచ్చాను. తిని, చెయ్యి కడుక్కొని, సాయిబు దగ్గరికి పోయి కూర్చొని, "ఏం భాయ్, కువైట్‌లో షేకులకు లాగులు కుట్టినావా, పరదాలు కుట్టినావా" అని ఎకసెక్కాలాడాడు. పెద్దన్న పోయాక ఆయన అంత తేలిగ్గా నవ్వడం నేను చూడలేదు. నాకు సంతోషం వేసింది. అన్న వచ్చాడు, వెనకాలే ఆ పగ కూడా వస్తుంది అనుకున్నాను.

వారం తర్వాత అన్న వరండాలో కూర్చొని అరికాళ్ళు చూసుకుంటున్నాడు. నాలుగేళ్ళ పగుళ్ళు. ఆ పగుళ్ళలో ఒక పావలా నిలబెట్టొచ్చు.

"ఒరే, కాళ్ళు మండుతాండాయి. నాకొక జత చెప్పులు కొనిపియ్యి."

"గూట్లో ఉండాయి కదన్నా" అన్నాను.

"అవి పెద్దన్నయి. నావి నాక్కావాల." పగుళ్ళ మీద వేలు రాసుకుంటూ మళ్ళీ అన్నాడు. "ఆ ముసలోణ్ణి సంపితే నాకేమొస్తాదిరా? నాలుగేండ్లు అదే తిన్యా, అదే తాగితి. ఇప్పుడు తలుచుకుంటే చప్పగుండాది. నాకు బజ్జీలు తినాలనుండాది. పెండ్లి చేసుకోవాలనుండాది. రేపు పోదాం పా అంగడికి."

"రేపు పోదాం" అన్నాను.

మర్నాడు పొద్దున ఆయన పాలలో మాత్ర వేయలేదు. ఆ మర్నాడు కూడా వేయలేదు. నాకు భయం, అంతకు మించిన కారణం ఏదీ లేదు. ఆయన చెప్పులు వేసుకుంటే నావి విప్పాలి. నేను కోడిని కోయలేనివాణ్ణి. కప్పను కోసి పిల్లలకు చూపించేటప్పుడు కూడా ముందు క్లోరోఫాం ఇచ్చేవాణ్ణి. అటువంటివాణ్ణి, మత్తుమందు కూడా లేకుండా మా అన్నను మళ్ళీ ఆ చీకట్లోకి నెట్టాను. పదిరోజుల్లో ఆయన ముఖంలోంచి ఒక్కొక్కటే పోయింది. ముందు ఎకసెక్కాలు పోయాయి, తర్వాత బజ్జీలు, ఆఖరుకు చెప్పులు. అంగడికి ఎప్పుడు పోదాం అని నాలుగురోజులు అడిగాడు. ఐదోరోజు అడగలేదు.

సాయిబు ఒకరోజు మిషను ఆపి నన్ను పిలిచాడు. "సార్, మీ అన్న పదిహేనురోజులు మంచిగా మనిషి మాదిరి ఉన్నె. మళ్ళా ఏమాయ?"

"జబ్బు అట్లాంటిది భాయ్" అన్నాను. ఆయన నా ముఖం వైపు చాలాసేపు చూసి, మళ్ళీ తొక్కుడు మొదలుపెట్టాడు.

ఇక అక్కడి నుంచి నేను చేసింది నాటకం. చెప్తే చేస్తాడు కదా. ప్రతి ఆదివారం బస్సులో ఊరికి తీసుకుపోయేవాణ్ణి. దారిలో చెప్పేవాణ్ణి: "గూటి ముందర నిలబడు. చెప్పుల పక్కే చూడు. ఎవురేమడిగినా, టైమొస్తాది అను." ఆయన అట్లాగే నిలబడేవాడు. చాలనేదాకా కదిలేవాడు కాదు, గంట అయినా, గంటన్నర అయినా. రెప్పవేయడం కూడా తక్కువ. ఎవరైనా దగ్గరికి వచ్చి, "ఏమప్పా, ఎప్పుడు?" అంటే, ఆ చచ్చిన గొంతుతో "టైమొస్తాది" అనేవాడు.

మా వాళ్ళు పొంగిపోయారు. ఆ ఊళ్ళో అందరికీ తెలిసిన జబ్బు ఒక్కటే, పగ. ఎవడు మాట తగ్గించినా అదే అనుకుంటారు, ఎవడు తిండి మానినా అదే అనుకుంటారు. "ముందు నోటితో పొడిసేటోడు. ఇప్పుడు సూడు, లోపలికి దిగిపోయినాది" అంది అమ్మ గర్వంగా. ఆ మాట వంక దాటి ఎదుటి వర్గానికి చేరింది. నాలుగేళ్ళు మా అన్న కేకలకు చలించని పెద్దాయన, ఆయన మౌనానికి హడలిపోయాడు. తోటకు పోవడం మానేశాడు. ఇంటి చుట్టూ మనుషులను పెట్టాడు. అది విని నేను నవ్వుకున్నాను కూడా. పెసరగింజలంత రెండు చుక్కలు ఒక ముఠా నాయకుణ్ణి ఇంట్లో కూర్చోబెట్టాయి కదా అని.

భయపడినవాడు ఏం చేస్తాడో నేను ఆలోచించలేదు. ఎన్నికలు దగ్గరపడ్డాయి. పెద్దాయన జెండా మార్చి మా పార్టీలోనే చేరాడు. ఒకే పార్టీలో రెండు వర్గాలు కొట్టుకుంటే ఓట్లు పోతాయని పైనుంచి కబురు వచ్చింది. పులివెందుల బయట ఒక చీనీతోట షెడ్డులో రాజీ పెట్టారు. కాదనే ధైర్యం ఎవరికీ లేదు. అమ్మ కూడా వచ్చింది. నడిపన్న చెయ్యి కలపడనీ, అందరిముందూ లేచి వచ్చేస్తాడనీ, ఆ దృశ్యం కళ్ళారా చూడాలనీ వచ్చింది. జీపులో నేను అన్న చెవిలో చెబుతూనే ఉన్నాను. "ఎవురేం చెప్పినా వినద్దు. చెయ్యి ఇయ్యద్దు. కూర్చో, అంతే." ఆయన ఊ అన్నాడు.

షెడ్డులో ఒకవైపు మేము, ఒకవైపు వాళ్ళు. నడుమ పార్టీ నాయకులు, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. పెద్దాయన కర్ర ఊతంతో వచ్చాడు. షుగరు జబ్బు మనిషి, ఒక పాదానికి కట్టు. చేతిలో ఒక అట్టపెట్టె. అన్న ఎదురుగా వచ్చి, కష్టపడి వంగి, పెట్టెలోంచి కొత్త చెప్పులు తీసి ఆయన కాళ్ళ దగ్గర పెట్టాడు. పెట్టగానే ఒక అడుగు వెనక్కు జరిగాడు. తంతాడనో, నరుకుతాడనో అనుకున్నాడేమో.

"ఏసుకో నాయనా" అన్నాడు. "నాలుగేండ్లుగా కాళ్ళు కాలుతాండాయి నీకు. ఏసుకో."

నేను అన్న భుజం పట్టుకోబోయాను. ఆలస్యమైంది. ముందు విన్న మాటకంటే చివర విన్న మాటదే పైచేయి అని నాకంటే బాగా తెలిసినవాడు ఎవడున్నాడు? అన్న కుడికాలు పెట్టాడు, ఎడమకాలు పెట్టాడు. చెప్పులు సరిగ్గా సరిపోయాయి.

"లేసి నా చెయ్యి పట్టుకో" అన్నాడు పెద్దాయన. అన్న లేచి పట్టుకున్నాడు. షెడ్డంతా చప్పట్లు. పెద్దాయన ఆనందం పట్టలేక ఏడ్చేశాడు. అన్న ముఖంలో ఏమీ లేదు. అమ్మ తల తిప్పుకొని తోటలోకి చూస్తోంది.

ఇంటికి చేరి వసారాలోకి రాగానే అమ్మ గూటి పక్కన కూర్చొని నన్ను పిలిచింది. నేను పోయి నిలబడ్డాను. ఆమె నా ముఖం చూడలేదు, కాళ్ళు చూసింది.

"ఇప్పు" అంది.

"అమ్మా, అన్నకు జబ్బు. తలలో నరం మూసుకుపోయినాది. స్కానింగు ఉంది, చూపిస్తా..."

"ఇన్నాళ్ళూ చూపీలేదే? ఇప్పుడెందుకు? ఇప్పు."

విప్పాను. ఆమె నా తోలు చెప్పులు తీసుకొని పొయ్యిలో పెట్టింది. తోలు కాలే కంపు ఇల్లంతా పట్టింది. నడిపన్న కొత్త చెప్పులతో వసారాలో కూర్చొని ఆ పొగను చూస్తున్నాడు.

నేను ఎవరినీ చంపలేదు. చంపగలిగినవాణ్ణి కాదని అమ్మకు తెలుసు. చంపుతానని ఆమె అనుకోనూ లేదు. ఊళ్ళో తల ఎత్తుకొని తిరగడానికి ఆమెకు వట్టి కాళ్ళ కొడుకు ఒకడు కావాలి, అంతే. రెండేళ్ళకు పెద్దాయనకు ఆ పాదం కుళ్ళితే తీసేశారు. ఆ తర్వాత మంచంలోనే పోయాడు. చంపాల్సినవాడు తనంతట తాను పోతే పగ పట్టినవాడు ఏం చేయాలో మా పద్ధతిలో లేదు. ఇంక చాలు, చెప్పులేసుకో అనగలిగింది అమ్మ ఒక్కతే. ఆమె పోయేముందు కూడా ఆ మాట అనలేదు. నేనూ అడగలేదు. పెళ్ళి సంబంధాలు రావడం మానేశాయి.

రాజీ జరిగిన మర్నాడే నేను అన్నను ప్రొద్దుటూరు తీసుకొచ్చి మళ్ళీ మాత్రలు మొదలుపెట్టాను. ఇంక ఆపాల్సిన అవసరం నాకు లేదు కదా. ఈసారి నెల దాటింది. మాత్ర ఇంక పట్టదేమోనని రోజూ ఆయన ముఖంలోకి చూసేవాణ్ణి. ఒక సాయంత్రం కాలేజీనుంచి తారురోడ్డు మీద వట్టి కాళ్ళతో వచ్చి, వరండాలో కూర్చొని బొబ్బలు చూసుకుంటున్నాను. అన్న లోపలినుంచి వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు. కాళ్ళకు పెద్దాయన ఇచ్చిన చెప్పులున్నాయి. ఎవరూ రమ్మని పిలవలేదు.

"బజ్జీలు తేలేదా?" అన్నాడు.

నాకు ప్రాణం లేచి వచ్చింది. "తెస్తానన్నా, ఇప్పుడే తెస్తా" అని లేచాను.

"నిదానంగా పో. కాళ్ళు కాల్తాయి." నేను రెండు మెట్లు దిగాక వెనకనుంచి మళ్ళీ అన్నాడు. "ఒరే, ఆ తెల్ల మాత్ర అప్పుడు ఎందుకు ఆపితివి?"

వెనక్కు తిరగడానికి సిగ్గేసింది. ఎదురుగా సాయిబు మిషను ఆగిపోయింది.

"నీకు తెలుసా?" అన్నాను.

"పాలల్లో ఏయకుండా జేబులో పెట్టుకుంటాంటే చూస్తాంటిగా, దినామూ."

"మరి అప్పుడే ఎందుకడగలేదన్నా?"

"అడగాలనిపీలే" అన్నాడు నడిపన్న. అని, బజ్జీలతోపాటు ఉల్లిగడ్డలు ఎక్కువ వేయించుకొని రమ్మన్నాడు.